గుణుపురం లైను, డీఆర్‌యూసీసీలో నా రెండేళ్లు

డీఆర్‌యూసీసీ అంటే రైల్వే డివిజన్ స్థాయిలో ప్రయాణికుల సలహా సంఘం. డివిజన్ పెద్ద అధికారి డీఆర్‌ఎం గారు అధ్యక్షులు, వాణిజ్య విభాగం చూసే సీనియర్ డీసీఎం కార్యదర్శి. ఎంపీలు సూచించినవాళ్లు, వ్యాపార సంఘాలు, ప్రయాణికుల సంఘాలు, వినియోగదారుల సంఘాల వాళ్లు ఉంటారు. దివ్యాంగుల తరఫున ఒకరు. ఆ ఒక్క కుర్చీలో మొన్నటిదాకా నేను కూర్చున్నాను. మాది ఒడిశాలో, నౌపడ-గుణుపురం రైలు లైను మీద ఉన్న పర్లాకిమిడి. చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలికి ఊతంగా క్యాలిపర్ అనే లోహపు పట్టీ, చేతిలో కర్ర.

మా సంఘం రిజిస్ట్రేషన్ కాపీ, తీర్మానం, నా బయోడేటా జతచేసి దరఖాస్తు పంపాం. చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. ఆశ వదిలేసుకున్నాక ఉత్తరం వచ్చింది.

మొదటి మీటింగ్‌లో అందరూ కొత్త రైలే అడిగారు. కొత్త రైలైనా కొత్త స్టాపైనా డివిజన్ చేతిలో ఉండదు, ఢిల్లీలో రైల్వే బోర్డు తేల్చాలి. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అయినా అడుగుతారు, అధికారులు పైకి పంపుతామంటారు, మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. కొందరికి అదే చాలు కాబోలు.

అసలు పని మీటింగ్‌కు ముందే జరుగుతుంది. మన అంశాలు రాసి గడువులోగా పంపాలి. ఒక్కోటీ దానికి సంబంధించిన శాఖకు వెళ్తుంది. మీటింగ్ నాటికి అంశం పక్కన జవాబు అచ్చై వస్తుంది. నా మొదటి అంశం పక్కన 'నాట్ ఫీజిబుల్', అంటే సాధ్యం కాదు అని ఉంది.

నేనడిగింది ప్లాట్‌ఫాం ఎత్తు పెంచమని. మా లైనులో ఒక చిన్న స్టేషన్‌లో ప్లాట్‌ఫాం దాదాపు పట్టాల మట్టానికే ఉంటుంది. పెద్ద స్టేషన్లలో అది పట్టాల మీంచి 760 నుంచి 840 మిల్లీమీటర్ల ఎత్తు, అడుగు వేస్తే పెట్టెలో ఉంటాం. ఇక్కడ నేను ముందు కర్రను లోపలికి విసరాలి. రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని, మంచి కాలు మెట్టు మీద ఆనించి, ఒళ్లంతా పైకి లాక్కోవాలి. క్యాలిపర్ కాలు మెట్టుకు టంగుమని తగులుతూ వెనకాల వస్తుంది. ఈలోగా వెనకనుంచి ఎవరో నడుము పట్టుకుని తోస్తారు, పాపం మంచి మనసుతోనే. మా సంఘంలో ఆడపిల్లలు ఆ తోపుడికి జంకి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లాల్సి ఉన్నా వాయిదా వేసుకుంటారు. పైగా దివ్యాంగుల పెట్టె బండి చివర, గార్డు పెట్టెతో కలిసి ఉంటుంది. ఆ చివర ఎప్పుడూ ప్లాట్‌ఫాం దాటి కంకర మీదే ఆగేది.

ఈ లైను మొదట 1900లో మా ఊరిదాకా పర్లాకిమిడి రాజావారు వేయించింది. 2004లో సన్నపట్టాల చిన్నబండి ఆగిపోయింది, 2011లో వెడల్పు పట్టాల మీద బ్రాడ్‌గేజ్ బండి నడిచింది. ఊరంతా సంబరం చేసుకుంది. నాకు మాత్రం మెట్టు ఎత్తు పెరిగింది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షన్ రైల్వే స్టేషన్ల గురించి కూడా చెబుతుంది. అది ఉటంకిస్తూ మళ్లీ రాశాను. ఈసారి జవాబు కాస్త పొడుగ్గా వచ్చింది. ఏడాదికి పది లక్షల లోపు ప్రయాణికులు, కోటి రూపాయల లోపు ఆదాయం ఉన్నవి ఎన్‌ఎస్‌జీ-6 స్టేషన్లు, అంటే సబర్బన్ కాని స్టేషన్లలో ఆఖరి తరగతి, ఆ స్టేషనూ అదే కోవలోకి వస్తుందట. వసతులు ఆ తరగతిని బట్టే ఉంటాయట. ఎక్కడం కష్టమని జనం రారు, జనం రారని ప్లాట్‌ఫాం లేవదు. ఎవరితో దెబ్బలాడాలి?

టీ విరామంలో ఒక ఇన్‌స్పెక్టర్ గారు పక్కకొచ్చి, "మాస్టారూ, ఖర్చు లేనిదేదైనా అడగండి, ఇక్కడే అయిపోద్ది" అన్నారు. రెండేళ్లలో నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే.

బండి ఎక్కడ ఆగాలో చెప్పే బోర్డు ఒకటి ఉంటుంది, డ్రైవరు దాన్ని చూసే ఆపుతాడు. ఆ చిన్న స్టేషన్‌లో ఇంజన్ వైపు ప్లాట్‌ఫాం ఇంకా చాలా పొడవు మిగిలి ఉంది. ఒక కుర్రాణ్ణి వెంటేసుకుని టేపుతో కొలిచాను, ఫొటోలు తీశాను, బోర్డు ముందుకు జరపమని రాశాను.

ఇక ఎంపీల సంగతి. నౌపడ నుంచి గుణుపురం దాకా లైను సుమారు 90 కిలోమీటర్లే. టెక్కలి, పాతపట్నం శ్రీకాకుళం ఎంపీ కిందకొస్తాయి, పర్లాకిమిడి బరంపురం ఎంపీ కిందకి, గుణుపురం కోరాపుట్ ఎంపీ కిందకి. రెండు రాష్ట్రాలు, మూడు నియోజకవర్గాలు. బండిలో ఒకే బెంచీ మీద కూర్చునే మనం అర్జీలు మాత్రం మూడు చోట్ల ఇస్తాం. అందుకని మూడు వైపుల సంఘాల చేతా ఒకే అంశం, ఒకే మాటలతో రాయించాను. తెలుగులో రాసుకుని, ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి చేయించాం.

అధికారులు వచ్చి చూసి వెళ్లారు. బోర్డు జరిగింది. ఇప్పుడు మా పెట్టె సిమెంటు మీద ఆగుతోంది. ఎత్తు అలాగే ఉంది, కానీ కంకరలో కర్ర జారే టెన్షన్ తప్పింది.

సభ్యత్వ కాలం రెండేళ్లే. కొలతలు, ఫొటోలు, వచ్చిన జవాబులు అన్నీ ఫైలు చేసి కొత్తగా వచ్చినాయనకు ఇచ్చాను. ఆయన గుణుపురం నుంచి హైదరాబాద్‌కు నేరుగా రైలు అడుగుతానంటున్నాడు. అడగవయ్యా, ప్లాట్‌ఫాం మాత్రం మొదటి అంశంగా రాయి అన్నాను.