పెరట్లోంచి గురుగ్రహం ఫొటో: నా అనుభవం

గ్రహాల ఫొటో ఒక్క క్లిక్కుతో రాదు. టెలిస్కోపుకి కెమెరా బిగించి వీడియో తీస్తాం. అందులోని వేల ఫ్రేముల్లోంచి, గాలి కాసేపు కుదురుగా ఉన్నప్పుడు పడ్డ వాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. అప్పుడు గానీ గురుడి మీది చారలు, ఎర్ర మచ్చ తేటగా కనిపించవు. వినడానికి తేలికే. చేతికి అలవాటయ్యేసరికి నాకు ఓ చలికాలం గడిచిపోయింది.

నాది 8 అంగుళాల డాబ్సోనియన్, అంటే తేలికపాటి పీఠం మీద తిరిగే అద్దపు టెలిస్కోపు. అద్దం వెడల్పు 203 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1200 మి.మీ. మోటారు లేదు, చేత్తో తిప్పుకోవడమే. బొమ్మని రెండింతలు పెద్దది చేసే 2ఎక్స్ బార్లో లెన్స్, దాని వెనక ఏఎస్ఐ 462 ఎంసీ కెమెరా. ఈ కెమెరా సెన్సర్ పరారుణ కాంతిని కూడా బాగా పట్టేస్తుంది కాబట్టి దాన్ని ఆపే యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ పెట్టకపోతే రంగులన్నీ తేడాగా వస్తాయి. కొనేటప్పుడే ఆ ఫిల్టర్ కూడా కలిపి కొనడం మంచిది.

2024 డిసెంబర్ 7న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు. ఆ రోజుల్లో సాయంత్రం తూర్పున లేచి తెల్లారేదాకా ఆకాశంలోనే ఉండేవాడు, రోహిణి నక్షత్రానికి దగ్గర్లో. భూమికి అంత దగ్గరికి వచ్చినా గురుడి వెడల్పు 48 ఆర్క్ సెకన్లే (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). నిండు చందమామ వెడల్పులో 38వ వంతు ఉంటుందేమో! అంత చిన్న బిళ్ల మీద వివరం పట్టాలంటే అన్నిటికన్నా ముందు గాలి సహకరించాలి.

మొదట్లో డాబా మీద పెట్టేవాణ్ణి. ఆకాశం నలువైపులా తెరుచుకుని ఉంటుంది, అందరూ చేసే పనే అది. కానీ పగలంతా ఎండకి కాగిన శ్లాబు రాత్రి పది దాటినా సెగ వదులుతూనే ఉంటుంది. ఆ వేడి గాలి సరిగ్గా టెలిస్కోపు ముందు నుంచే పైకి లేస్తుంది. స్క్రీన్ మీద గురుడు పారే కాలవ అడుగున పడ్డ రూపాయి బిళ్లలా వణికేవాడు. పెరట్లో జామచెట్టు పక్కన మట్టి నేల మీదికి మార్చాక ఆ వణుకు చాలావరకు తగ్గింది. పెరట్లోంచి దిక్కులు కనిపించవు, నిజమే. కానీ మా హనుమకొండ ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఆ ఏడాది గురుడు ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) 22 డిగ్రీల ఉత్తరాన ఉన్నాడు. అంటే అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి వస్తాడు, ఇక చుట్టూ గోడలుంటే మాత్రం ఏం? పైగా అంత ఎత్తులో ఉన్నప్పుడు వెలుగు దాటి రావాల్సిన గాలి పొర అన్నిటికన్నా పల్చగా ఉంటుంది. గ్రహం దిగువన కనిపించే ఉత్తర ఐరోపా వాళ్లు, గాలి రంగుల్ని విడదీయకుండా ప్రత్యేక పట్టకాలు కొని పెట్టుకుంటారు. మనకి ఆ ఖర్చు లేదు. మన అక్షాంశం మనకిచ్చిన వరం ఇది, వాడుకోకపోతే అన్యాయం.

నడినెత్తి మీద మాత్రం డాబ్సోనియన్ తిప్పడం కష్టం. అందుకే గురుడు నెత్తి మీదికి రాకముందో దాటాకో ఓ గంట ఎడంగా వీడియో తీస్తాను.

గొట్టాన్ని గంట ముందే బయట పెట్టేస్తాను, అద్దం బయటి చల్లదనానికి రావాలి కదా. తర్వాత రోహిణి మీదికి తిప్పి, కావాలనే ఫోకస్ చెడగొట్టి చూస్తాను. నక్షత్రం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. మధ్యలోని నల్లటి నీడ ఒక పక్కకి జరిగి ఉంటే అద్దం వెనక స్క్రూలు కొంచెం కొంచెం తిప్పి సరిచేయాలి. ఇది వదిలేస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

ఫోకస్ గురుడి మీద చూడను, దాని ఉపగ్రహం గానిమీడ్ మీద చూస్తాను. స్క్రీన్ మీద ఆ ఉపగ్రహం మొదట ఉబ్బిన మచ్చలా ఉంటుంది. నాబ్ వెంట్రుకవాసి తిప్పి చెయ్యి తీసేయాలి, ఊగడం ఆగేదాకా చూడాలి, మళ్లీ తిప్పాలి. చుక్క అన్నిటికన్నా చిన్నదైన చోట ఆగిపోవాలి. గాలి బాగున్న రాత్రి అది చుక్కలా కాక బుల్లి బిళ్లలా కనిపిస్తుంది. ఆ రాత్రి ఇక నేను నిద్రపోను.

వీడియో ఇద్దరి పని. బామ్మర్ది ఫైండర్‌లో (గురి చూసుకునే చిన్న దూరదర్శినిలో) చూస్తూ గొట్టాన్ని గురుడి కన్నా కొంచెం ముందుకి తోసి వదిలేస్తాడు, నేను లాప్‌టాప్ దగ్గర కూర్చుంటాను. "బావా, వస్తున్నాడు చూడు!" అనగానే రికార్డింగ్ మొదలు. భూమి తిరుగుతుంది కాబట్టి గురుడు స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి అర నిమిషంలో దాటిపోతాడు. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లు పెడితే సెకనుకి వంద ఫ్రేముల చొప్పున మూడు వేలు వస్తాయి. ఫైలు దాదాపు 6 జీబీ, ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్ తప్పనిసరి. అలా వెంటవెంటనే మళ్లీ మళ్లీ తోస్తూ తీస్తాం. తాపీగా కుదరదు, ఎందుకంటే గురుడు తన చుట్టూ తాను 9 గంటల 55 నిమిషాల్లో తిరిగేస్తాడు. మూడు నిమిషాలకి మించిన వ్యవధిలో తీసిన వీడియోల్ని ఒక్కటిగా పేరిస్తే మధ్యలోని మచ్చలు సాగిపోతాయి. అంతకు మించితే విన్‌జుపోస్ అనే సాఫ్ట్‌వేరుతో ఆ తిరుగుడుని వెనక్కి సరిచేసుకోవాలి.

తెల్లారాక కంప్యూటర్ పని, మూడు సాఫ్ట్‌వేర్లతో. పిప్‌లో గురుడిని ప్రతి ఫ్రేములో మధ్యకి తెచ్చి, ఆటోస్టాకర్ట్‌లో మంచి ఫ్రేములు ఏరి పేర్చి, రెజిస్టాక్స్‌లో వేవ్‌లెట్స్ అనే స్లైడర్లతో పదును పెడతాను. ఫ్రేముల్లో నేను సాధారణంగా పాతిక శాతం ఉంచుకుంటాను, గాలి బాగోలేకపోతే పది. వేవ్‌లెట్స్ దగ్గర చెయ్యి అదుపులో ఉండాలి. మరీ లాగితే గురుడి అంచున తెల్లటి గీత, ఒళ్లంతా లేని గరుకు వచ్చేస్తాయి. అలాంటి ఫొటోలు మొదటి చూపుకి గొప్పగా ఉంటాయి, నాకు మాత్రం నచ్చవు. ఆకాశంలో లేనిదాన్ని నేను చేర్చకూడదు.

డిసెంబర్‌లో ఒక రాత్రి లేత మసక కమ్మింది, నక్షత్రాలు అసలు మిణుకుమనడం లేదు, అంటే గాలి కుదురుగా ఉందన్నమాట. తళతళలాడే ఆకాశం కన్నా మాకు ఇలాంటి రాత్రే కావాలి. పేర్చిన ఫొటోలో ఎర్ర మచ్చ, దాని చుట్టూ లేత రంగు గుంట, ఉత్తర పట్టీ నుంచి మధ్యరేఖ వైపు వేలాడే నీలపు తోరణాలు వచ్చాయి. అమ్మకి చూపిస్తే "ఇది మన పెరట్లో తీసిందేనారా?" అని రెండుసార్లు అడిగింది.

ఫైలు పేరులో సమయం తప్పకుండా రాస్తాను, మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేసి యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో). పెరటి ఫొటో కూడా ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేం. 2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథనీ వెస్లీ అనే ఔత్సాహికుడు తన పెరటి టెలిస్కోపులోనే గురుడి మీద కొత్త నల్ల మచ్చ పట్టాడు. ఏదో వచ్చి గుద్దుకున్న దెబ్బ అది. ఆయన కబురందాకే నాసా వాళ్లు హవాయిలోని తమ పరారుణ టెలిస్కోపుని అటు తిప్పి నిర్ధారించారు. అందుకే మంచి ఫొటో రాని రాత్రుల వీడియోలు కూడా వెంటనే చెరిపేయను. ముందు ఫ్రేములన్నీ ఒకసారి నడిపించి, అంచుల దాకా చూశాకే డిస్క్ ఖాళీ చేస్తాను.