ఎరుపు కనపడని మడమ

ఇంగ్లండులో వార్డు డ్యూటీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒళ్ళు చూడటం. కొత్త పేషెంటు వస్తే ఆరు గంటల్లోపు మంచాన ఒత్తుకుపోయి పుండ్లు (బెడ్ సోర్లు) పడే ముప్పెంతో లెక్కేసి రాయాలి. గుంటూరులో పనిచేసినప్పుడు మంచాలు ఎక్కువ, సిస్టర్లం తక్కువ. పక్కకి తిప్పడం, వీపు తుడవడం, పౌడరు అద్దడం అన్నీ పేషెంటు తాలూకు వాళ్ళే చూసుకునేవాళ్ళు. ఇక్కడ తాలూకు వాళ్ళు సాయంత్రం వచ్చి, ద్రాక్షపళ్ళు పెట్టి వెళ్ళిపోతారు. ఒళ్ళంతా మాదే పూచీ.

పిర్రల మధ్య ఎముక, తుంటి, మడమలు, ఆక్సిజన్ ట్యూబు ఆనే చెవుల వెనక, రొమ్ముల కింద ఒరుసుకుపోయే మడతలు, గజ్జి ఉందేమోనని వేళ్ళ సందులు. ఇవన్నీ చూసి వాటర్లో స్కోరు వెయ్యాలి. జూడీ వాటర్లో అనే నర్సు 1985లో తయారుచేసిన పట్టిక అది. 10 వస్తే ముప్పు, 20 వస్తే చాలా ముప్పు. అందులో చర్మం గడిలో 'టిష్యూ పేపర్' అని ఉంటే మొదట నవ్వొచ్చింది. తొంభై ఏళ్ళ తెల్లాయన ముంజేతి మీద ప్లాస్టరు పీకితే పైపొర కూడా దాంతోపాటే లేచొచ్చింది. మళ్ళీ నవ్వలేదు.

చేరిన మూడో నెలలో ఒక జమైకా మామ్మగారు వచ్చింది. తుంటి విరిగింది, కదల్లేదు. "మడమ సలుపుతోంది పిల్లా" అంది. చూశాను. ఎరుపు లేదు. ఎరుపు ఉంటే వేలితో నొక్కాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పరవాలేదు, తెల్లబడకపోతే మొదటి దశ పుండు. అలాగే చదువుకున్నాను. 'మడమలు బాగున్నాయి' అని రాసి, పారాసిటమాల్ ఇచ్చాను.

రెండు రోజులకి అక్కడ నేరేడుపండు రంగులో మచ్చ దిగింది.

పుండ్ల స్పెషలిస్టు నర్సు నన్ను తిట్టలేదు. కళ్ళు మూసుకోమని, నా చేతి వెనక భాగాన్ని మామ్మగారి రెండు మడమలకీ ఆనించింది. ఎడమది చల్లగా, గట్టిగా ఉంది. కుడిది వెచ్చగా, మిగల ముగ్గిన సపోటాలా మెత్తగా ఉంది. నల్లని ఒంటి మీద ఎరుపు కనపడకపోవచ్చు. వేడి, మెత్తదనం, గట్టిదనం, నొప్పి చేతికీ చెవికీ తెలుస్తాయి. మామ్మగారు నోటితో చెప్పనే చెప్పింది, నేనే వినలేదు.

ఇన్సిడెంట్ ఫారం నేనే నింపాను. నాకు కష్టమనిపించింది వేరే. నాదీ చామనఛాయే. నర్సింగ్ స్కూల్లో ఉన్నవాళ్ళందరం చామనఛాయ, నలుపే, మా పేషెంట్లూ అంతే. అయినా పరీక్షలో 'ఎర్రబడుట' అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ ఎరుపు ఎవరి ఒంటి మీదిదో ఒక్కరం అడగలేదు.

మొన్న అమ్మ వీడియో కాల్ చేసింది. తెనాలిలో తాతయ్య మంచాన పడి నెలయింది. చొక్కా ఎత్తి, వీపు ఫోనుకి చూపించింది.

"ఎర్రగా ఏం లేదులే, బాగానే ఉంది."

"ఫోను పక్కన పెట్టు. చెయ్యి తిప్పి, వెనక వైపుతో నడుం కింద ఎముక మీద ముట్టుకో. తర్వాత పక్కన ముట్టుకో."

కాసేపు సీలింగు ఫ్యానే కనిపించింది.

"ఎముక మీద కాస్త వెచ్చగానే ఉందే," అంది అమ్మ.