మిన్స్క్‌లో ఏడు టైటిళ్ల జట్టు, ఒక చిల్లుల టికెట్టు

బెలారుస్ రాజధాని మిన్స్క్ విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్ల పైచిలుకు దూరం. దుబాయ్‌లో పడిగాపులు, పాస్‌పోర్ట్ క్యూ అందరికీ తెలిసిన గోలే. నేను వెళ్ళింది ఎఫ్‌సీ మిన్స్క్ మహిళల ఫుట్‌బాల్ జట్టు కోసం. 2013 నుంచి 2019 దాకా వరుసగా ఏడుసార్లు బెలారుస్ లీగ్ గెలిచిన జట్టది.

ముందు సిటీ బస్సు సంగతి, నేను వెళ్ళినప్పటిది. తలోన్ అనే చిన్న కాగితం టికెట్టు బెలారుస్ రూబుల్‌కు అటూ ఇటూ, అంటే మన పాతిక ముప్ఫై రూపాయలు. కొట్లో కొంటే కాస్త తక్కువ, డ్రైవర్ దగ్గరైతే కాస్త ఎక్కువ. కొనడంతో పని అయిపోదు. లోపల స్తంభానికి బిగించిన ఇనప పెట్టె సందులో దాన్ని దూర్చి మీట నొక్కాలి, చిల్లులు పడాలి. ఆ చిల్లుల వరస పెట్టె పెట్టెకూ మారుతుంది. అందుకే నిన్నటి టికెట్టు ఇవాళ చూపిస్తే తనిఖీదారు అదే పెట్టెలో ఖాళీ కాగితం నొక్కి రెండూ పోల్చి పట్టేస్తాడు. చిల్లు లేకపోతే జరిమానా. "కొన్నాను కదా" అన్న వాదన చెల్లదు. బస్సు కిక్కిరిసినప్పుడు ఆ పెట్టె దాకా చేరలేం. మన సిటీ బస్సులో కండక్టర్‌కి డబ్బులు చేతులు మార్చి పంపినట్టే టికెట్టు ముందుకిస్తే చిల్లులతో వెనక్కొస్తుంది. మెట్రో హాయి, కానీ ద్వారం దగ్గర సంచి తనిఖీకి రెండు నిమిషాలు కలుపుకోవాలి.

మయకోవ్‌స్కీ వీధిలోని ఎఫ్‌సీ మిన్స్క్ స్టేడియం 2015లో తెరిచారు, 3,000 సీట్లు. రైల్వే స్టేషన్ నుంచి దక్షిణం దిక్కు. ఇక్కడి లీగ్ వసంతంలో మొదలై శరదృతువులో ముగుస్తుంది. డిసెంబరులో వెళ్తే మంచు తప్ప ఆట దొరకదు. మ్యాచ్ వేళ ముందు రోజు మళ్ళీ సరిచూసుకోవాలి. అక్టోబరులోనైతే లోపల ఒక ఉన్ని బనీను తప్పనిసరి, కూర్చున్నకొద్దీ చలి కాళ్ళ నుంచి పైకెక్కుతుంది.

ఈ జట్టు స్థాయి తెలియాలంటే 2019 చూడాలి. యూరప్ క్లబ్బుల పోటీ అయిన మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో స్విట్జర్లాండ్ జట్టు జ్యూరిక్‌ను దాటి చివరి పదహారుకు చేరింది. అక్కడ బార్సిలోనా ఎదురైంది. వాళ్ళ ఊళ్ళో 0-5, మిన్స్క్‌లో 1-3. స్కోరు చూసి నవ్వేవాళ్ళుంటారు. అప్పటికి బార్సిలోనా ఆ ఏడాదే ఫైనల్ ఆడిన జట్టు. దాని మీద మిన్స్క్ గోల్ కొట్టిందంటే నా లెక్కలో చిన్నదేం కాదు.

నాకు గుచ్చుకున్నదల్లా ఇప్పుడలాంటి రాత్రి ఆ ఊళ్ళో చూడలేం అన్నదే. 2022 మార్చి నుంచి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ తన పోటీల్లో బెలారుస్ క్లబ్బుల సొంతగడ్డ మ్యాచ్‌లను తటస్థ దేశంలో, ప్రేక్షకులు లేకుండా ఆడమంటోంది. టైటిల్ గెలిస్తే దక్కేది పరాయి మైదానంలో ఖాళీ గ్యాలరీ. అందుకే ఇక్కడికొచ్చేవాళ్ళు దేశీయ లీగ్ చూడాలనుకునే రావాలి. మన నిజామాబాద్ ఫుట్‌బాలర్ సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి వెళ్ళింది గుర్తుందా? అప్పటి నుంచి ఇటువైపు లీగ్‌ల మీద నా కన్ను పడింది.

తిండికి స్తలోవయా అనే క్యాంటీనే దిక్కు. ట్రే పట్టుకుని వరసలో జరుగుతూ గిన్నెలు తీసుకోవాలి, చివర బిల్లు. బ్రెడ్డు ముక్కకీ, పుల్లటి మీగడకీ వేరే లెక్క, అదే నాకు మండింది. శాకాహారులు ద్రానికి, అంటే బంగాళదుంప అట్లు, తీసుకోవచ్చు, కానీ పిండిలో గుడ్డు కలుపుతారు, కొన్నిచోట్ల లోపల మాంసమూ పెడతారు. "బెజ్ మ్యాసా", అంటే మాంసం లేకుండా, అని ముందే అడగాలి.

పది రోజులు దాటి ఉంటే నివాస నమోదు కావాలి. హోటల్ వాళ్ళు చేసి కాగితం ఇస్తారు. అద్దె ఇంట్లో దిగితే యజమాని వెంట మనమే పడాలి. ఆ కాగితం పాస్‌పోర్టులోనే ఉంచుకోండి, తిరుగు ప్రయాణంలో అడగొచ్చు.