చింతపండు పెట్టొద్దమ్మా

మస్కట్‌లో, ముత్రా సూక్ అనే బజార్లో ఒక పాత సామాన్ల కొట్టులో పని చేస్తున్నా, తొమ్మిదేళ్లయింది. ఇత్తడి టెలిస్కోపులు మా దగ్గర వరసగా పేర్చి ఉంటాయి. చాలావరకు మన రూర్కీలో తయారై వచ్చేవే. ఒకదాని మీద కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917 అని చెక్కి ఉంటుంది, ఆ రెండు కంపెనీలూ కలిసింది 1947లో. టూరిస్టు అడగడు, నేను చెప్పను.

ఈసారి సెలవుకి బయల్దేరుతుంటే అర్బాబ్, అంటే మా కొట్టు యజమాని, ఒక టెలిస్కోపు తెచ్చి చేతిలో పెట్టాడు. ఇది అసలుది. పేరూ ఊరూ లేవు, పైన తోలు ఊడిపోయింది, మూడు గొట్టాలూ ఒకదాన్లో ఒకటి బిగుసుకుపోయాయి. "అమ్ముడుపోదు, నువ్వే తీసుకో" అన్నాడు. చెన్నై ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర అరగంట నిలబెట్టారు. పైపులో పైపు పెట్టుకుని గల్ఫ్ నుంచి దిగితే ఎవరికైనా డౌటే కదా.

నెల్లూరులో, స్టోన్‌హౌస్‌పేటలో నాయనకి చిన్న లేత్ షెడ్డు. దాన్ని చూడగానే కళ్లజోడు పెట్టుకున్నాడు. నేను పట్టకారు అందుకుంటే "దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా" అన్నాడు. మరలున్న చోట నూనె చుక్కలు వేసి రెండు రోజులు వదిలేశాడు. మూడో రోజు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, రెండు చేతుల్తో పిండినట్టు తిప్పితే కిర్రుమని కదిలింది. లోపలి గొట్టానికి సొట్ట ఉంది, అందుకే పట్టేసింది. తుమ్మచెక్కని లేత్ మీద గుండ్రంగా తీసి, గొట్టంలోకి దూర్చి, బయటనుంచి మెల్లగా రుద్దుతూ ఆ సొట్టని సాయంత్రానికి పైకి లేపాడు. పలచటి రేకు, సుత్తి తగిలితే ఇంకో సొట్ట పడేది.

ఈలోపు అమ్మ పని అమ్మ చేసింది. పెద్ద గొట్టాన్ని పెరట్లో పెట్టి వెళ్తే దీపపు కుందులతో పాటు చింతపండు పెట్టి తోమేసింది! మా కొట్లో ఆ చామనఛాయ రంగుకే డబ్బులు, దాన్ని గీకితే అర్బాబ్ జీతం కోస్తాడు. "ఇంత కిలుం పట్టిన సామాను ఇంట్లో ఎట్టా పెట్టుకుంటాం రా" అంది. ఏం చెప్పను, నేను పుట్టకముందు నుంచీ ఇత్తడి తోముతున్న మనిషి.

టెలిస్కోపు ముందువైపు అద్దం, అంటే లెన్సు, నిజానికి రెండు అద్దాలు, ఒకటి ఉబ్బుగా, ఒకటి గుంటగా. ఒక్కటే ఉంటే చూసేదాని అంచున రంగులు కనబడతాయి. రెండు రకాల గాజు జతచేసి ఆ రంగుల్ని తగ్గించే పద్ధతికి లండన్‌లో డాలండ్ అనే ఆయన 1758లో పేటెంట్ తీసుకున్నాడు. విప్పేముందు రెంటి అంచు మీదా కలిపి పెన్సిల్‌తో V గుర్తు గీశాను, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో, దూదితో తుడిచాను. అంతా జాగ్రత్తే. కంటివైపు గొట్టంలో బొమ్మని నిటారుగా నిలబెట్టడానికి ఇంకో నాలుగు చిన్న అద్దాలుంటాయి, వాటికి మాత్రం గుర్తు పెట్టుకోకుండా విప్పేశా. బిగించి చూస్తే అంతా మసక. ఇంటర్ ఎంపీసీ చదివే మేనల్లుడు లెక్కేసి, అటూ ఇటూ తిప్పడమూ వరస మార్చడమూ కలిపితే 384 రకాలు మామయ్యా అన్నాడు, నవ్వుతూ. సైజులు వేరు కాబట్టి వరస తొందరగానే దొరికింది. కంటి దగ్గరి రెంటికీ చదును ముఖం కంటివైపే ఉండాలని ఆలస్యంగా గుర్తొచ్చింది. మిగతా రెంటికీ రెండు రాత్రులు పట్టింది.

తెల్లారి మిద్దె మీద నుంచి చూస్తే రంగనాయకుల గుడి గోపురం ఒళ్లో వచ్చి కూర్చుంది. నాయన చాలాసేపు కన్ను తియ్యలేదు. దాన్ని ఆయనకే వదిలేసి వచ్చా.

మొన్న వీడియో కాల్‌లో గోపురం నాకూ చూపిస్తానని ఫోన్ కెమెరాని దానికి ఆనించాడు. అంతా నలుపు. "కొంచెం ఎడంవైపు జరుపు నాయనా" అంటే కుడికి జరుపుతాడు. మధ్యలో తళుక్కుమని ఒక ముక్క కనబడి పోయింది, గోపురమో, పక్కింటి వాటర్ ట్యాంకో. "కనబడిందా?" అన్నాడు. బ్రేక్ టైమ్ అయిపోయింది, అర్బాబ్ పిలుస్తున్నాడు. "ఆఁ, కనబడింది" అన్నా.