కొత్త స్టాంపులు దాచి ఏం బావుకున్నాను?

పోయిన ఎండాకాలం సెలవులకి మా మేనల్లుడు విజయవాడ నుంచి గుంటూరు వచ్చాడు. బయటికి కదల్లేని ఉక్కపోత, కరెంటు పోయింది, ఫోన్లో చార్జింగ్ లేదు, ఇంక గత్యంతరం లేక నా బీరువాలోని స్టాంపుల ఆల్బమ్‌లన్నీ కిందకి దించాడు. ఎనిమిదో తరగతి వాడు. ఒక గంటసేపు బుద్ధిగా తిప్పి చూసి, "మావయ్యా, ఇవన్నీ అమ్మితే ఎంతొస్తుంది?" అన్నాడు. నాకు చురుక్కుమంది. ఇరవై ఏళ్లుగా నేను లెక్క చూసుకోకుండా తప్పించుకు తిరుగుతున్నది కూడా దాన్నే.

ముందు నా సంగతి చెప్పాలి. చిన్నప్పుడు అందరిలాగే బడి బయట అమ్మే ప్యాకెట్లతో మొదలుపెట్టాను. మగ్యార్ పోస్టా, హెల్వెటియా, సుఓమి అని ఉండేవి వాటి మీద. అట్లాసు ఎంత తిరగేసినా ఆ దేశాలు కనపడేవి కావు, అవి హంగరీ, స్విట్జర్లాండ్, ఫిన్లాండ్ అని తెలిసేసరికి నా హైస్కూలు చదువు అయిపోయింది. గల్ఫ్‌లోని చిన్న రాజ్యం అజ్మాన్ పేరుతో అరచెయ్యంత స్టాంపులు కూడా వచ్చేవి, రాకెట్లు, పక్షులు, ఒలింపిక్స్, ఏది కావాలంటే అది. ఆ స్టాంపులు ఉత్తరం మొహం చూసినవి కావు. పోగుచేసేవాళ్ల కోసమే అచ్చువేసి, ముద్ర కూడా ముందే కొట్టేసి, కట్టలు కట్టి అమ్మినవి. ఇవాళ్టికీ వాటికి చిల్లర డబ్బులే.

అది తెలిసి కూడా నేను చేసిన పనేంటో చూడండి. ఉద్యోగం రాగానే పోస్టాఫీసులో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా, అంటే స్టాంపులు పోగుచేసేవాళ్ల ఖాతా, తెరిచాను. 200 రూపాయలు కట్టి పెడితే కొత్త స్టాంపు వచ్చినప్పుడల్లా ఇంటికే పంపిస్తారు. 2006లో గంధం వాసన స్టాంపు వచ్చింది, 15 రూపాయలది. మరుసటేడు గులాబీ, ఆ పైయేడు మల్లె. 2011లో ఖాదీ గుడ్డ మీద అచ్చేసిన గాంధీ, అది 250. 2013లో సినిమాకి వందేళ్లని 50 మంది మీద ఒకేసారి స్టాంపులు వేశారు, అందులో మన ఎస్వీ రంగారావు, భానుమతి ఉన్నారని రెండేసి సెట్లు తీసుకున్నాను. 2017లో కాఫీ వాసనది, ఒక్కోటి 100 రూపాయలు. "కాఫీ వాసనే కావాలంటే వంటింట్లోకి రండి, దానికి వందెందుకు" అంది మా ఆవిడ, అప్పట్లోనే. గంధం స్టాంపుని ఇప్పుడు ముక్కుకి ఆనించి పీల్చినా పాత కాగితం వాసనే వస్తోంది. రెండు మినియేచర్ షీట్లైతే (స్టాంపు చుట్టూ బొమ్మతో చిన్న కాగితంగా వచ్చేవి) జిగురు చెమ్మగిల్లి ప్లాస్టిక్ కవరుకి అతుక్కుపోయాయి, లాగితే బొమ్మ ఊడొస్తుందని అలాగే వదిలేశాను.

సరే, వాణ్ణి దిగబెట్టే వంకతో ఆల్బమ్‌లు సంచిలో వేసుకుని విజయవాడ వెళ్లాం. పాత నాణేలు, స్టాంపులు కొనే ఒకాయన ఉన్నాడని తెలుసు. ఆయన పేజీలు తిప్పుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు, చివర్న కళ్లజోడు తీసి, "మాస్టారూ, 2000 తర్వాతవి కదా, వాటి మీద రాసున్న రేటులో సగానికైతే తీసుకుంటాను" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. "నేనైనా ఎవరికి అమ్మను చెప్పండి? కవర్లు ఎక్కువ పంపేవాళ్లు తీసుకెళ్లి అంటించుకుంటారు, వాళ్లకి ఓ రూపాయి కలిసొస్తుంది, అంతే." అంటే నేను రాబోయే తరాల కోసం దాచిన నిధి ఆయన దగ్గర డిస్కౌంట్ పోస్టేజీ అన్నమాట. ఆ డబ్బే బ్యాంకులో వేసుంటే గంధం స్టాంపు నాటి మొత్తం ఈపాటికి రెండింతలు దాటేది.

తిరుగు బస్సులో కూర్చుని ఆలోచిస్తే విషయం అంత చిక్కుదేం కాదు. స్టాంపుకి ధర వయసు వల్ల రాదు. ప్రపంచంలో మొట్టమొదటి స్టాంపు పెన్నీ బ్లాక్, 1840 నాటిది, దాదాపు 6.8 కోట్లు అచ్చేశారు కాబట్టి ఇవాళ కూడా వెతికితే దొరుకుతుంది. అదే 1948 ఆగస్టు 15న గాంధీ మీద వచ్చిన నాలుగింటిలో పది రూపాయల స్టాంపుని చూడండి. అణా పైసల కాలంలో పది రూపాయలంటే మాటలా? సామాన్యుడు కొనలేదు, కొన్నా దాచలేదు. అందుకే దానికి ఇవాళ గిరాకీ. దాని మీదే ప్రభుత్వ వాడకానికని 'సర్వీస్' అని ముద్రించి గవర్నర్ జనరల్ కార్యాలయానికి ఇచ్చినవి వందే, అందులో నాలుగు కలిసున్న ముక్క 2017లో 5 లక్షల పౌండ్లకి పోయింది. (స్వదేశీ అని జీవితమంతా చెప్పిన మనిషి స్టాంపుల్ని స్విట్జర్లాండ్‌లో అచ్చేయించారు, అదో చోద్యం.) ఇప్పుడు నాలాంటివాళ్లం స్టాంపు వచ్చిన రోజునే కొని, పట్టకారుతో పట్టుకుని, చెయ్యి తగలకుండా దాస్తున్నాం. అందరం దాచేది అరుదెలా అవుతుంది?

దీనికి అడ్డం వచ్చే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాచిపెడితే తప్పు. 1972లో భూటాన్ వాళ్లు గ్రామఫోన్ రికార్డుల స్టాంపులు వేశారు, నిజంగానే ప్లేయర్ మీద పెడితే పాట వస్తుంది. అప్పటి పెద్ద కలెక్టర్లు ఆటవస్తువులని నవ్వారు, ఇవాళ వాటికి మంచి ధర ఉంది. కాబట్టి కాఫీ స్టాంపు నా మనవల కాలానికి ఏమవుతుందో ఎవరు చూడొచ్చారు. కానీ ఆ ఆశతో కొనడం లాటరీ టిక్కెట్టు కొనడమే.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ కొట్లో ఆయన ఆల్బమ్‌లు పక్కన పెట్టి, సంచి అడుగున పడున్న ఒక మామూలు కవరు పైకి తీశాడు. ఎప్పుడో ఒక స్నేహితుడు మచిలీపట్నం నుంచి రాసిన ఉత్తరం, దాని మీద 2009లో వచ్చిన పింగళి వెంకయ్య స్టాంపు, ఊరి పేరూ తేదీ స్పష్టంగా చదవగలిగేలా గుండ్రటి ముద్ర. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీకి జెండా నమూనా ఇచ్చిన మనిషి ఆయన. స్వతంత్ర భారతదేశపు మొదటి స్టాంపు, 1947 నవంబర్ 21న వచ్చిన మూడున్నర అణాలది, దాని మీద ఉన్నది ఆ వరసలో వచ్చిన జెండానే, మరి ఆయన బొమ్మకి మాత్రం 2009 దాకా ఆగాల్సొచ్చింది. ఆయన సొంత ప్రాంతం ముద్రతో, నిజంగా పోస్టులో తిరిగొచ్చిన కవరు! "ఇది ఇస్తారా? వందిస్తాను" అన్నాడు కొట్టాయన. ఐదు రూపాయల స్టాంపుకి. ఇవ్వలేదనుకోండి.

ఎందుకంటే ఇప్పుడు అలాంటివే రావట్లేదు. కౌంటర్లో ఇస్తే బార్‌కోడ్ స్టిక్కర్ కొట్టి పడేస్తారు. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అడిగి మరీ స్టాంపులు అంటిస్తే, ఒక పోస్టాఫీసులో ఎస్వీ రంగారావు మొహం మీద బాల్‌పెన్నుతో అడ్డంగా గీత గీశారు, ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆల్బమ్‌లో మెరుస్తున్న కొత్త స్టాంపు దేశంలో వేలమంది దగ్గర ఉంటుంది. అదే స్టాంపు ఉత్తరం మీద వెళ్లి, మంచి ముద్ర వేయించుకుని, చినక్కుండా చేరినవి ఎన్ని ఉంటాయి?

అందుకని డిపాజిట్ ఖాతాలో డబ్బు వేయడం ఆపేశాను, ఉన్న స్టాంపులు వాడటం మొదలుపెట్టాను. నెలకి రెండు ఉత్తరాలు విజయవాడకి, మేనల్లుడి పేరు మీద. ముందు పేరాలో కుశలం, తర్వాత క్రికెట్, కవరు మీద మాత్రం జాగ్రత్తగా ఎంచిన స్టాంపు, డబ్బాలో వేయకుండా నేనే వెళ్లి ముద్ర వేసే ఆయన్ని బతిమాలి కొట్టించుకుంటాను. ఆయనకిప్పుడు అలవాటైంది, నన్ను చూడగానే ఇంకు ప్యాడ్ తడుపుతాడు.

మొన్న వాడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఈసారి తేదీ సరిగ్గా పడలేదు. అదే స్టాంపుతో ఇంకోటి రాయి" అన్నాడు. ఉత్తరంలో ఏం రాశానో చదివాడో లేదో అడగలేదు.