ముందు అడగండర్రా

మన బడి నుంచి వెళ్లినవాళ్లలో టీచర్లున్నారు, డాక్టర్లున్నారు, బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవాళ్లున్నారు. మందుపాతరలు ఏరే పనికి వెళ్లింది నాకు తెలిసి నేనొక్కడినే. పర్లాకిమిడిలో ఎవరు కలిసినా మొదట అడిగేది భయం వేయలేదా అని. భయం ఎందుకుండదు, ఉంటుంది. కానీ ఈ పనిలో అసలు కష్టం మైన్ తీయడం కాదు. అది ఏ పొలంలో ఉందో, ఏ పొలంలో లేదో తేల్చడం.

సైన్యంలో మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీర్ల దళంలో చేరి ఈ విద్య నేర్చుకున్నాను. అక్కడ మైన్‌ఫీల్డ్ ఎదురైతే దళం దాటడానికి ఒక దారి చేస్తే చాలు. యుద్ధం అయిపోయాక ఊరివాళ్లకి దారి సరిపోదు, పొలమంతా కావాలి. దుక్కి దున్నాలి, పిల్లలు ఆడుకోవాలి. ఆ తేడా నాకు శ్రీలంక ఉత్తరాన ఉన్న వన్ని ప్రాంతంలో తెలిసొచ్చింది.

2009 మే నెలలో అక్కడ ప్రభుత్వ సైన్యానికి, తమిళ పులులకి (ఎల్టీటీఈ) మధ్య యుద్ధం ముగిసింది. దాదాపు 3 లక్షల మంది శిబిరాల్లో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందిని ఉంచిన మెనిక్ ఫామ్ 2012 సెప్టెంబరులో గానీ మూతపడలేదు. ఇళ్లకి వెళ్లాలంటే ముందు నేల శుభ్రం కావాలి. ముహమాలై దగ్గర ఏళ్ల తరబడి రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలిచిన చోటు ఉంది. పాకిస్తాన్‌లో తయారైన పి4 మైన్లు, పులులు చెక్కపెట్టెల్లో చేసిన జానీ మైన్లు అక్కడ దొరికేవి. పి4లో లోహం బాగా తక్కువ, డిటెక్టర్‌ని నమ్ముకుంటే కుదరదు. అందుకే అక్కడ గొర్రుతో మట్టి గీసే పద్ధతి వాడతారు. మీటరు వెడల్పు గాడి. మోకాళ్ల మీద కూర్చుని, పొడుగు పిడి గొర్రుతో ముందున్న మట్టిని కొంచెం కొంచెంగా తన వైపు లాక్కోవాలి. ఏదైనా గుండ్రంగా కనబడితే ఆపి, చేయెత్తి సూపర్‌వైజర్‌ని పిలవాలి. బరువైన కవచం, ముఖానికి వైజర్, నెత్తిన ఎండ. ఆ పని చేసేవాళ్లలో చాలామంది ఆడవాళ్లు, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవాళ్లు. వాళ్ల ఓపికను నేను మరెక్కడా చూడలేదు.

నేలలో ఎంత లోతు చూడాలి? నమ్మదగిన సమాచారం లేనప్పుడు కనీసం 13 సెంటీమీటర్లు అంటాయి అంతర్జాతీయ ప్రమాణాలు. ఒక తోట దగ్గర మేము ప్లాను వేసుకుంటుంటే, దాని సొంతదారు, పెద్దావిడ, తాటిచెట్ల వరస చూపించి, "ఇటు పక్క పల్లంగా ఉండేదయ్యా, ఇప్పుడు మెరకైంది. కట్ట మట్టినంతా బుల్‌డోజర్‌తో ఇటే తోశారు" అంది తమిళంలో. అంటే పాత మైన్ల మీద కొత్త మట్టి పడింది. పైపైన చూసి పొలం అప్పగిస్తే అడుగున ఉన్నవి అలాగే ఉండిపోతాయి. ప్లాను మార్చి, కవచం తొడిగిన ఎక్స్‌కవేటర్‌తో పొరలు పొరలుగా తీయించి, ఆ మట్టిని పరిచి ఏరించాం. మోకాలి లోతున దొరికాయి.

ఆవిడని అడగాలన్న బుద్ధి నాకు మన సోషల్ మాస్టారు పెట్టిందే. నౌపడా–గుణుపురం చిన్న రైలెక్కించి కాశీనగరం అవతల సవర ఊళ్లకి తీసుకెళ్లి మ్యాపులు గీయించేవారు, గుర్తుందా? పెన్సిల్ తీయగానే, "ముందు అడగండర్రా, ఈ కొండ వాళ్లకి తెలుసు, మనకేం తెలుసు?" అనేవారు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు సవర కుర్రవాడిని ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్న ఊరు మనది. మాస్టారికి ఆ పద్ధతే ఆదర్శం.

తర్వాత కన్సల్టెంటుగా లావోస్ వెళ్లాను. 1964 నుంచి 1973 దాకా అమెరికా అక్కడ 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. అందులో పెద్ద బాంబు విచ్చుకుని వెదజల్లే చిన్న క్లస్టర్ బాంబులు 27 కోట్లు, వాటిలో సుమారు 30 శాతం పేలలేదని అంచనా. ఎక్కడున్నాయో అందరికంటే బాగా తెలిసింది పాత ఇనుము ఏరుకునేవాళ్లకి. పోలీసులకి పట్టిస్తామేమోనని మొదట నోరు విప్పరు. వాళ్ల నమ్మకం సంపాదించడానికే ఎక్కువ టైం పట్టేది.

మైన్లను నిషేధించిన ఒట్టావా ఒప్పందం 1997లో వచ్చింది. శ్రీలంక 2017లో చేరింది, మన దేశం ఇంకా చేరలేదు. చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మన ఒడిశాలోనే మల్కన్‌గిరి ఉంది. బలిమెల రిజర్వాయరు అవతలి పల్లెలకి 2018 జూలైలో గురుప్రియ వంతెన వచ్చింది. అక్కడి మందుపాతరలు పొలాల్లో వరసగా పాతినవి కావు, మావోయిస్టులు రోడ్ల కింద, కల్వర్టుల దగ్గర పెట్టినవి. వాటికి పటం ఉండదు. జనం ఏ బాట వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నది అక్కడి ఆడవాళ్లని, పశువుల కాపర్లని అడిగి రాసుకోవాల్సిన పని చాలా ఉంది. తెలుగు, ఒడియా, కోయ మాట్లాడగలిగే పిల్లలు కావాలి. ఫస్ట్ ఎయిడ్, జీపీఎస్, మ్యాపింగ్ మేము నేర్పగలం. ఈ వేసవిలో బడిలోనే పదిరోజుల శిక్షణ పెడదామని హెడ్మాస్టారితో మాట్లాడాను. ఆసక్తి ఉన్నవాళ్లు ఆఫీసులో పేరివ్వండి.