సైకాలజీ విభాగంలో ఎవరు ఎవరితో కలిసి రాస్తున్నారు?

కడపలోనో అనంతపురంలోనో ఒక సైకాలజీ విభాగంలో 8 మంది అధ్యాపకులు ఉన్నారనుకోండి. ఇద్దరిద్దరిగా చూస్తే 28 జంటలు అవుతాయి. వాళ్ల ఐదేళ్ల పరిశోధన పేపర్లను ఎక్సెల్‌లో పేపరుకో వరుసగా ఎక్కించండి. 7 జంటలే కలిసి రాసుంటే సాంద్రత, అంటే మొత్తం జంటల్లో కలిసి రాసినవాటి వంతు, 0.25.

అసలు తలనొప్పి పేర్లతోనే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరం. ఒకే మనిషి ముగ్గురైపోతాడు. ఒకే పొడి అక్షరమున్న ఇద్దరు రెడ్లు ఒక్కరైపోతారు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) నంబరుతో సరిచూడాల్సిందే.

12 మంది రాసిన ఒక్క పేపరే 66 జంటల్ని తెచ్చిపెడుతుంది. అందుకే అందులో ఒక్కో జంటకు 1/11 వంతే వేయండి; ఒక్కొక్కరికీ తోడు రాసినవాళ్లు 11 మంది కదా.

గైడు, స్కాలర్ జంటల్ని తప్పకుండా విడిగా లెక్కించండి. పీహెచ్‌డీ కోసం కలిసినవాళ్లు పట్టా రాగానే విడిపోవచ్చు. వాళ్లను కలిపేస్తే, పక్కపక్క గదుల్లోని అధ్యాపకులు కలిసి పనిచేయడం లేదన్న సంగతే కనబడదు.